పొగ రాని శనివారం

శనివారం మధ్యాహ్నం కాగానే టెస్సా రెండు తువ్వాళ్ళు మడిచి పెట్టుకుని, వంటింటి కిటికీలోంచి పక్కింటి పెరటివైపు చూడటం మొదలుపెట్టింది. అక్కడ ఆర్వో తాత ఆవిరిగది ఉంది. దాని గొట్టంలోంచి పొగ లేచిందంటే వీధి వాళ్ళందరికీ పిలుపు అందినట్టే, వేరే కబురు ఉండదు. ఇనుప గనిలో పనిచేసిన రోజుల నుంచీ ఆయన ఒక్క శనివారమూ తప్పించి ఎరుగడు.

టెస్సాకు పెళ్ళయి మూణ్ణెల్లే. ఆ ఊళ్ళో ఆమెకు అన్నీ సంబరమే: గ్లాసులో పక్కపక్కన నిలబడ్డ రెండు పళ్ళ బ్రష్షులు, భర్త డెరెక్ మాడ్చే అట్లు, కిటికీ అద్దం మీద మొదటి మంచు. అన్నిటికన్నా ఇష్టం ఆ ఆవిరి స్నానం. ఒళ్ళు ఎర్రగా కాగాక మంచులోకి పరుగెత్తి, కెవ్వుమని అరిచి, మళ్ళీ లోపల దూరడం. ఆ తర్వాత తాత చేతి కాఫీ.

ఆ రోజు పొగ లేవలేదు.

"తాత అలిగినట్టున్నాడు. ఓట్లు మంగళవారమే అయిపోయాయి, ముంగిట్లో పార్టీ బోర్డు తీసెయ్యమన్నానా లేదా," అన్నాడు డెరెక్.

"ఎదురింటి పెర్కోవిచ్ వాళ్ళది ఇంకా ఉందిగా. వాళ్ళు తీస్తే నేనూ తీస్తా," అంది టెస్సా.

తాతల కాలంలో ఆ గనుల ఊరంతా డెమొక్రాట్ల వైపే ఉండేది. ఒక్కో గనీ మూతపడుతున్న కొద్దీ ఒక్కో ఇల్లూ రిపబ్లికన్ల వైపు జరిగింది. ఈసారి ఓట్లు ఇంచుమించు సగానికి సగం చీలాయి. అప్పటి నుంచి ఊళ్ళో ప్రతి చిన్న పనికీ ఓటే అర్థం. రొట్టెల కొట్లో ఎవరైనా నవ్వకపోయినా ఓటే, దారిలో కారు ఆపి పలకరించకపోయినా ఓటే. టెస్సా ముంగిట్లో డెమొక్రాట్ల బోర్డు ఉంది. పెర్కోవిచ్ వాళ్ళది రిపబ్లికన్ల బోర్డు. ఆర్వో తాత ముంగిట్లో ఏదీ లేదు. ఆయన ఎటువైపో తెలియకపోవడమే టెస్సాను ఎక్కువ భయపెట్టింది.

"ఉండు, వెళ్ళి అడిగొస్తా," అని డెరెక్ లేచాడు.

"ఏమనడుగుతావ్? మా ఓటు తప్పయిపోయింది తాతా, కాస్త వేణ్ణీళ్ళు పొయ్యమనా?"

డెరెక్ నవ్వి మళ్ళీ కూర్చున్నాడు. టెస్సా నవ్వలేకపోయింది. అలిగి ఆయన తమను వెలేస్తే ఈ వీధిలో తమకు ఇంకెవరున్నారు?

సాయంత్రం మనసు ఆగక, ఏలకుల రొట్టె కాల్చి గుడ్డలో చుట్టుకుని బయల్దేరింది. తాత పెరట్లో సగం దూరం వెళ్ళింది. ఎక్కడా దీపం లేదు. ఇంట్లో ఉండి కూడా తలుపు తియ్యకపోతే? ఆ ఆలోచన రాగానే ఆమె కాళ్ళు వెనక్కి మళ్ళాయి.

ఆదివారం పొద్దున కొట్లో ఎదురింటి లెనోర్ పెర్కోవిచ్ ఎదురైంది. మామూలుగా ఇద్దరూ చెరో వరుసలోకి తప్పుకునేవారు.

"ఏమ్మా కొత్త పెళ్ళికూతురా, నిన్న స్నానాలు బాగా అయ్యాయా?" అంది లెనోర్ ఎత్తిపొడుపుగా.

"మాకెక్కడివండీ. తాతకి మా మీద కోపం కదా."

"మీ మీదా? గని యూనియన్ మనిషి, మీ పార్టీవైపే కదా, మా బోర్డు చూసి మా మీద అలిగాడనుకున్నాం. మిమ్మల్ని మాత్రం వెనక తలుపులోంచి పిలుచుకున్నాడని మా ఆయన రాత్రంతా సణిగాడు."

టెస్సా చేతిలోని బుట్ట కిందికి దిగింది. "అయితే ఆయన్ని నిన్నటి నుంచి ఎవరు చూశారు?"

లెనోర్ కారు తాళాలు తీసింది. ఇద్దరూ బుట్టలు అక్కడే వదిలేసి ఒకే కారులో తాత ఇంటికి వచ్చారు.

ఆవిరిగది ముందరి చిన్న గదిలో, చెల్లాచెదురైన కట్టెల మధ్య ఆర్వో తాత పడి ఉన్నాడు. తుంటి విరిగింది. చేతికందిన తువ్వాళ్ళన్నీ మీదికి లాక్కున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"వచ్చావా పిల్లా," అన్నాడు గొణిగినట్టు. "నిన్న నీ అడుగులు విన్నా, మంచులో కరకరమని. పిలుద్దామంటే గొంతు లేవలేదు. సగం దాకా వచ్చి వెళ్ళిపోయావు."

టెస్సా తన కోటు విప్పి ఆయన మీద కప్పింది. లెనోర్ అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఇంకో రాత్రి గడిస్తే దక్కేవాడు కాదన్నారు ఆసుపత్రిలో. తాత తేరుకున్నాక లెనోర్ ఉండబట్టలేక అడిగేసింది: "ఇంతకీ ఎవరికేశావ్ తాతా?"

ఆయన ఆమె వైపు తల తిప్పాడు. "గని కూలినప్పుడు ఒకడు నన్ను భుజాన వేసుకుని పైకి మోశాడు. నీ ఓటెవరికిరా అని వాణ్ణి అడగలేదు. వాడూ నన్నడగలేదు. మీరు నా పొగలో కూడా ఓటే వెతికారు. కట్టెలు మొయ్యలేక పడ్డాడేమో ముసలోడు అని మీలో ఒక్కరికీ తట్టలేదా?"

తర్వాతి శనివారం డెరెక్, లెనోర్ భర్త ఫ్రాంక్ కలిసి ఆవిరిగది పొయ్యి రాజేశారు. పచ్చికట్టెలు పెట్టావని ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. ముంగిళ్ళలో రెండు బోర్డులూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎవరి అభిప్రాయమూ మారలేదు. తాత ఇల్లు చేరే దాకా ఒక్క శనివారమూ ఆ పొయ్యి ఆరనివ్వకూడదని మాత్రం అనుకున్నారు. టెస్సా తువ్వాళ్ళు పట్టుకుని బయల్దేరుతూ గొట్టం వైపు చూసి ఊపిరి పీల్చుకుంది.

పొగ ఆగిన ఇంటి తలుపు తట్టడానికి, ఆ ఇంటివాళ్ళ ఓటెవరికో తెలియనక్కర్లేదు.