పదిహేడు అంగుళాలు

నేను రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే మా మరిది భరత్ జాబితా చదివాడు. భాగాలు విడివిడిగా కొని ఇంట్లోనే బిగించబోయే కంప్యూటర్ జాబితా అది. నా భర్త బాలకిష్టయ్య మగ్గం దగ్గర నుంచి లేవకుండానే ఒక్కొక్కటీ ఒప్పుకుంటున్నాడు. పదిహేను అంగుళాల మానిటర్, రెండువందల యాభైఆరు ఎంబీ ర్యామ్, ఆటలకు గ్రాఫిక్స్ కార్డు, గోడలు అదిరే స్పీకర్లు.

"ముప్పై వేలల్ల గింతకంటె మంచిది రాదన్నా," అన్నాడు భరత్.

"గ్రాఫిక్స్ కార్డు వద్దు," అన్నాను రాట్నం తిప్పుతూనే. "ఉత్త మదర్‌బోర్డుతోనే బొమ్మ వస్తది. ఆ పైసలతోని ర్యామ్ పెంచు. మానిటర్ పదిహేడు అంగుళాలది తీస్కో. స్పీకర్ల బదులు స్కానర్."

మగ్గం ఆగింది. "ర్యామంటె ఏందనుకున్నవే? బీచుపల్లి హన్మంతుడు మొక్కే దేవుడనుకున్నవా?" అన్నాడాయన. మా అత్త పద్మమ్మ కూడా నవ్వింది. భరత్ కలం జేబులో పెట్టుకున్నాడు. మగ్గం మళ్లీ మొదలైంది.

నాకు కోపం కోపంలా రాదు. గళ్లుగా వస్తుంది. కళ్ల ముందు గ్రాఫు కాగితం పరుచుకుంటుంది, ఒక్కో గడి ఒక్కో పోగు. పదేళ్లుగా ఈ ఇంట్లో నేసిన ప్రతి చీర అంచునూ మొదట ఆ గళ్లలో నింపింది నేనే, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు. అంచు ఒక కాగితంలో పట్టదు. ఐదు కాగితాలు గంజితో అతికించి నేల మీద పరుస్తాను. ఎవరో ఒకరు తొక్కుకుంటూ పోతారు. "దారిల పరుస్తవేంది?" అంటుంది అత్త. మొన్న, మాతో చీరలు నేయించే సేటు వచ్చి హంసల అంచు చూసి "ఎవరు గీసిన్రు?" అని అడిగాడు. నేను చాయ్ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను. మా ఆయన నా వైపు చూశాడు. చూసి, "నేనే, ఇంకెవరు?" అన్నాడు. అబద్ధం కన్నా ఆ చూపు ఎక్కువ గుచ్చుకుంది. నేను నోరు తెరవనన్న నమ్మకం ఉంది అందులో. ఆ నమ్మకాన్ని పదేళ్లు మేపింది నేనే.

గద్వాల బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్ నడిపే షాజియా దగ్గరికి, కూరగాయలకని చెప్పి నాలుగు నెలలు పోయాను. "అంచు మొత్తం ఒక్కపారే కనవడాలంటె తెర పెద్దగుండాలె అక్కా. పెద్ద బొమ్మ తెరిస్తె మిషన్ ఆగొద్దంటె ర్యామ్ ఉండాలె," అని చెప్పింది ఆమే. ఆమె నా కాగితాలు స్కాన్ చేశాక, తెర మీద నా అంచును అతుకులు లేకుండా, ఎవరి కాలి గుర్తూ లేకుండా చూసినప్పుడు కుర్చీలోంచి లేచాను. నా పనిని నేను అంతవరకు ఎదురుగా నిలబడి చూసుకోలేదు.

ఇంట్లో కంప్యూటర్ కావాలని ఆర్నెల్లు అడిగింది నేను. డిజైన్లకు, మా పాప చదువుకు, సేటు ఆర్డర్లకు అన్నింటికీ పనికొస్తుందని. ఇప్పుడది ఆటలకూ పాటలకూ వస్తోంది.

రాట్నం మీద నుంచి చెయ్యి తీసేశాను.

బుట్టలో నాలుగు కండెలున్నాయి. అవి అయిపోయేదాకా ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత ఆయన చెయ్యి ఖాళీ బుట్టలో తడుముకుంది.

"కండె ఏదే?"

"లేదు."

"చుట్టవా?"

"చుట్టను."

"ఒంట్ల బాగలేదా బిడ్డా?" అంది అత్త.

"మంచిగనే ఉన్న అత్తమ్మా."

మగ్గం చప్పుడు లేని పగలు ఆ ఇంట్లో నాకు కొత్త. వంటింట్లో నీళ్ల చుక్క పడడం కూడా వినిపించింది.

"శుక్రవారం సేటు వస్తుండు," అన్నాడాయన, గొంతు తగ్గించి.

"రానియ్యి. హంసల తర్వాత అంచు ఏందో నువ్వే గీసి చూపియ్యి."

ఆయన తమ్ముడి వైపు చూశాడు. భరత్ జేబులోంచి కలం తీశాడు.

"వదినా, మానిటర్ ఎన్ని అంగుళాలన్నవ్?"

"మొదలు స్పీకర్లు కొట్టెయ్," అన్నాను. "తర్వాత చెప్త. శుక్రవారం సేటుకు చాయ్ ఎవరిస్తరో, అది గూడ."