సంతోషమ్మ పేజీ

చెరిపేశాడు, పాపాత్ముడు! చిత్తూరు బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటర్లో, కోమలి కళ్ళ ముందే ఆమె అమ్మ పేజీ మాయమైంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్ళు సమ్మె చేసినప్పుడు, గేటు ముందు కూర్చున్న కోమలి అమ్మ సంతోషమ్మ మీదికి యజమాని లారీ తోలించి చంపాడు. పేపర్లు ప్రమాదమని రాసి ఊరుకున్నాయి. కాలేజీలో చదివే ధరణి ఒక్కతే ఆ కథంతా, ఎవరైనా రాయగల ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వంలో పెట్టింది. "ప్రాముఖ్యత లేదు, తొలగిద్దాం" అన్నాడు అక్కడి నిర్వాహకుడు అమర్‌నాథ్. ఓటింగు పెట్టారు. ఆ పేజీ ఎవరి గురించి రాసిందో ఆ ఆడవాళ్ళకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. ధరణే చూసి చెప్పింది.

పని దిగి ఆడవాళ్ళంతా ఆ సెంటర్లో వరస కట్టారు. మామిడి సొన కాల్చిన వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "ఉంచండి" అని కొట్టారు. అదే కొంప ముంచింది. అన్నీ ఒకే కంప్యూటర్ నుంచి వచ్చాయట! "ఇవన్నీ ఒక్క మనిషి వేసిన దొంగ ఓట్లు" అని రాసి, పేజీ చెరిపేశాడు ఆ మహానుభావుడు.

"మాయమ్మను రెండుసార్లు సంపినారు. లారీవోడు దొరకలా. వీడన్నా దొరకతాడా?" అంది కోమలి.

"ఆదివారం తిరపతిలో ఆ పేజీలు రాసేవోళ్ళ మీటింగు ఉండాదక్కా," అంది ధరణి.

"ఇంకేం, పదండి మే!" అని లేచింది పెద్దామె ఆదిలక్ష్మమ్మ.

ఆదివారం ఆ హాలు ఆడవాళ్ళతో నిండిపోయింది. అమర్‌నాథ్ ముందున్న బల్ల మీద నల్లబడిన చేతులు పడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి.

"లెక్కబెట్టు సార్," అంది కోమలి. "ఒక్క మనిషికి ఇన్ని చేతులుంటాయా?"

"నియమాల ప్రకారం..."

"ఏం నియమాలబ్బా? మా బతుకు తీసేసేటప్పుడు మమ్మల్ని అడగొద్దా? బీడీలోళ్ళ పేజీకి బీడీలోళ్ళను, రైతుల పేజీకి రైతుల్ని పిలిసి అడగండి. ఆ మాట ఒప్పుకునేదాకా ఈడనించి కదిలేది లే!"

అతను చెమట తుడుచుకుని పోలీసులకు ఫోన్ కొట్టాడు. ఎస్సై లాఠీ ఆడిస్తూ వచ్చాడు.

"మీలో లీడరు యవురు? ఆ ఒక్కరు వచ్చి వ్యానెక్కండి."

"మేమంతా ఒక్కరే సామీ," అంది ఆదిలక్ష్మమ్మ. "కావల్నంటే ఆ సారునడుగు. ఆయనే రాసినాడు."

అందరూ ఎక్కబోయారు. వ్యాను చాల్లేదు. మిగిలినవాళ్ళు తిడుతూ, నవ్వుతూ స్టేషన్ దాకా దాని వెనకే నడిచారు.

ఆ సాయంత్రం తిరుపతిలో, రేణిగుంటలో, ఏర్పేడులో ఇంటర్నెట్ సెంటర్ల ముందు, ఈ సంగతి విన్న గోదాముల హమాలీలు చేరారు. ఈసారి ఒకే కంప్యూటర్ అనే మాట రాకుండా, సెంటర్‌కు ఒక్కరే లోపలికి పోయి, పేజీ ఉండాల్సిందేనని రాశారు. ధరణి సంతోషమ్మ పేజీ మళ్ళీ పెట్టింది. సంతోషమ్మను చంపిందెవరో పైన రాసింది. ఆమె పేజీని చెరిపిందెవరో, పేరుతో సహా, కింద రాసింది.