మెహిటబుల్ పేరున వచ్చిన ఉత్తరం

శనివారం మధ్యాహ్నమైతే హార్లో మిల్స్ మగవాళ్ళు సగంమంది ట్వాంబ్లీ ఇనప సామాన్ల కొట్టు వెనకగదిలో తేలేవాళ్ళు. స్టాంపుల క్లబ్బు అక్కడే. మేకుల డబ్బాలు పక్కకి నెట్టి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఎవరి పాత కవర్లు వాళ్ళు తీసి చూపించుకోవడం, ఆపిల్ సైడర్ తాగుతూ ఒకళ్ళ సరుక్కి ఇంకొకళ్ళు వంకలు పెట్టడం. కవరు మీంచి స్టాంపు ఊడబీకి ఒట్టి స్టాంపు దాచుకునేవాణ్ణి వాళ్ళు మనిషిగా లెక్కేసేవాళ్ళు కాదు. కోడిని పారేసి ఈకలు ఏరుకున్నట్టు అనేవాళ్ళు.

ఏసా కోల్‌కార్డ్ ఆ గుంపులో వాడే. పెళ్ళీ పెటాకులూ లేవు, కొండదారి చివరింట్లో అక్క మెహిటబుల్‌తో ఉండేవాడు. ఆవిడా చేసుకోలేదు. అక్కకి తమ్ముడు, తమ్ముడికి అక్క, అంతకుమించి నా అన్నవాళ్ళు లేరు. వండేదీ ఉతికేదీ ఆవిడే. తిని వెళ్ళి కవర్లు తిరగేసుకునేది ఈయన.

ఆ ఏడు మంచు కరుగుతున్న రోజుల్లో, పాత పోస్టాఫీసు గోడ ఊడదీస్తుంటే చెక్కల సందులో ఒక ఉత్తరం దొరికింది. 1850 నాటిది. పైన ఐదు సెంట్ల గోధుమరంగు స్టాంపు, దాని మీద పోస్టు ముద్ర లేదు. చిరునామా 'మిస్ మెహిటబుల్ కోల్‌కార్డ్, హార్లో మిల్స్'. అంటే తాతగారి మేనత్త. అక్కకి ఆవిడ పేరే పెట్టారు. వెనక్కి తిప్పితే నల్ల లక్క, చెక్కు చెదరకుండా ఉంది. నల్ల లక్క వేసి పంపేది చావు కబురే. ఏసా ఆ ఉత్తరాన్ని వడ్రంగి దగ్గర అక్కడికక్కడే కొనేశాడు.

మా ఊళ్ళో విప్పని ఉత్తరం ఒకచోట పడి ఉండదు. ఎవరి పేరుందో వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ పేరు గలవాళ్ళు విప్పితే, లోపల రాసింది జరుగుతుంది. అంతకుముందు జోసయా వాడ్లీకి అలాగే, తన పేరే ఉన్న ముత్తాత పేరున, 'ఎర్రావు ఈనింది' అని ఒకటొచ్చింది. జోసయాకి ఆవే లేదు. తెల్లారి చూస్తే కొట్టంలో ఎర్రావూ దూడా ఉన్నాయి. పాలు చిక్కగా ఉన్నాయని అందరం అనుకున్నాం.

కాబట్టి ఈ ఉత్తరం మెహిటబుల్ విప్పితే పోయేదెవరో వేరే చెప్పాలా? ఆవిడకున్నది తమ్ముడొక్కడే. ఏసాకీ తెలుసు. పొయ్యిలో పడేస్తే ఒక పని అయిపోయేది. చేతులు రాలేదు మహానుభావుడికి. ముద్ర పడని స్టాంపు, విప్పని లక్క, ఇలాంటిది ఇంకెవడి దగ్గరా లేదు మరి. క్లబ్బులో గాజుపెట్టెలో నల్ల లక్క కిందికి వచ్చేలా పెట్టి తాళం వేశాడు.

ఊరన్నాక కబురు దాగుతుందా.

"నా పేరున ఉత్తరం దొరికిందటగా?" అంది మెహిటబుల్, రొట్టె కోస్తూ.

"నీ పేరున కాదక్కా, తాతగారి మేనత్త పేరున."

"ఆ పేరు ఇప్పుడు మోస్తున్నది నేనే కదరా. పట్రా, విప్పి చూద్దాం."

"విప్పితే దాని విలువ పోతుంది."

"నా ఉత్తరానికి విలువ కట్టడానికి నువ్వెవడివి? యాభై దాటాయి నాకు. ఒక్కడంటే ఒక్కడు నాకో కార్డుముక్క రాసిన పాపాన పోలేదు. విత్తనాల కంపెనీ వాడు కూడా నీ పేరునే పంపుతాడు."

ఏసా తలెత్తకుండా తిని లేచిపోయాడు.

ఉత్తరం బయల్దేరింది. గాజుపెట్టె తాళం వేసింది వేసినట్టే ఉంది, ఉత్తరం మాత్రం కొట్టు గడప మీద ఉంది. తెచ్చి లోపల పెడితే మంగలి షాపు బల్ల మీదికి చేరింది. "ఏవోయ్ ఏసా, నీ ఉత్తరం చర్చి మెట్ల మీద కూచుంది. వానొచ్చేలా ఉంది, పోయి తెచ్చుకో" అని దారినపోయేవాళ్ళు చెప్పేవాళ్ళు. వెళ్ళి తెచ్చుకునేవాడు. తెచ్చిన ప్రతిసారీ అది ఇంకాస్త దూరం పోయేది. ఒక పొద్దున తమ కొండదారి మొదట్లోనే కనబడేసరికి ఏసా దాన్ని పట్టుకుని తిన్నగా కొట్టుకి పరిగెత్తాడు.

కొట్టు యజమాని ఎల్బ్రిడ్జ్ ట్వాంబ్లీ ఉపాయం చెప్పాడు. "కలంతో స్టాంపు మీద రెండు గీతలు గీసెయ్. స్టాంపు చెల్లిపోతే ఉత్తరం పని అయిపోయినట్టే."

"పాత కవరు మీద కొత్త సిరానా? అలా చేసినవాణ్ణి మనమే కదా క్లబ్బులోంచి గెంటింది."

"ప్రాణం పోతుందయ్యా బాబూ."

ఏసా అన్ని విధాలా ఆలోచించాడు. చార్జీ లేకుండా ఉత్తరం బండెక్కేదెలా అనుకున్నాడు. ఎల్బ్రిడ్జ్ లేని పూట కెటిల్ ఆవిరికి పట్టి, కవరు మీంచి స్టాంపు ఊడదీశాడు. చిరగకుండా వచ్చింది. దాన్ని జేబు పుస్తకంలో దాచి, ఉత్తరాన్ని పెట్టెలో పడేశాడు. ఆ వారమంతా అది కదిలితే ఒట్టు. ఏసా ఈల వేసుకుంటూ తిరిగాడు.

శనివారం తన తెలివి ఎల్బ్రిడ్జ్‌కి చెప్పుకోకుండా ఉండలేకపోయాడు. ఎల్బ్రిడ్జ్ మొహం మాడిపోయింది.

"అది ఏ ఏటిదోయ్?"

"యాభై."

"అప్పట్లో స్టాంపు అంటించే తీరాలన్న రూలెక్కడిది? అంటించకపోతే అందుకున్నవాళ్ళు కట్టేవాళ్ళు. ఈ బల్ల దగ్గర మనం ఎన్నిసార్లు చెప్పుకోలేదు? నువ్వు దాన్ని ఆపలేదు. అందుకున్నవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చెయ్యాల్సిన ఉత్తరంగా మార్చావు. ఇక ఊరుకుంటారా పోస్టువాళ్ళు?"

ఇద్దరూ ఒకేసారి పెట్టెవైపు చూశారు. ఖాళీగా ఉంది.

బురదలో పడుతూ లేస్తూ ఏసా ఇల్లు చేరాడు. శనివారం బీన్స్ కుండ అప్పుడే పొయ్యిలోంచి దిగింది. ఉత్తరం అక్క ముందు బల్ల మీద ఉంది. స్టాంపు ఉండాల్సిన మూల ఎర్రసిరాతో పెద్ద ఐదంకె, ఇంకా తడిగా ఉంది.

"కట్టకు" అన్నాడు రొప్పుతూ. "కట్టనంటే వాళ్ళు వెనక్కి తీసుకుపోవాలి. ఆ రోజుల్లో అదే పద్ధతి."

"కట్టేశాను. ఐదు సెంట్లు ఇలా పెట్టాను, అలా మాయమైంది. కోల్‌కార్డులు ఎప్పుడన్నా బాకీ ఉంచారా?"

ఆవిడ ఉత్తరం తిప్పింది. నల్ల లక్క కనబడింది.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

"తెలిసీ పొయ్యిలో వెయ్యలేదు."

"స్టాంపు చాలా మంచిది అక్కా."

మెహిటబుల్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నువ్వు పోతే నాకెవరున్నార్రా? అది ఒక్కసారైనా నీ బుర్రకి తట్టిందా?"

"పోనీ ఇప్పుడు పొయ్యిలో పడెయ్యక్కా" అన్నాడు.

"ఇప్పుడిది నాది. డబ్బు కట్టి తీసుకున్నాను." ఆవిడ దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుంది. "ఇవాళ విప్పను. చేతులు కడుక్కురా."

ఆ 'ఇవాళ' అన్న మాట ఏసాకి నిద్ర లేకుండా చేసింది. సోమవారం కొత్త కవరు, కొత్త స్టాంపు కొని, పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి జీవితంలో మొదటి ఉత్తరం రాశాడు. 'ప్రియమైన అక్కకి, బీన్స్ బావున్నాయి. తమ్ముడు ఏసా.' మర్నాడు ఫైలో అనే పోస్టుమాన్ దాన్ని కొండదారిలో వాళ్ళ ఉత్తరాల డబ్బాలో వేశాడు. మెహిటబుల్ డబ్బా దగ్గరే నిలబడి చదివింది. ఆ పూట ఆవిడ చెయ్యి జేబువైపు పోలేదు.

ఏసా గమనించాడు. అప్పట్నుంచి రోజుకొకటి రాశాడు. మొదట్లో వాతావరణం గురించి, కంచెల గురించి. రాను రాను చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద తను పడితే అక్క మోసుకొచ్చిన సంగతి, అమ్మ పోయినప్పుడు తను ఏడవలేకపోయిన సంగతి. కాగితం మీద మాటలు ఎలాగో వచ్చేవి. క్లబ్బు మానేశాడు, కవర్ల మొహం చూడలేదు. పోస్టు లేని ఆదివారాలు గడవడమే గండం. ఆవిడ నల్ల లక్కని బొటనవేలితో తడిమి మళ్ళీ జేబులో పెట్టుకునేది. చేత్తో ఇవ్వబోతే, "పోస్టులో రావాలిరా, నీ చేత్తో ఇస్తే అదేం ఉత్తరం" అనేది.

జనవరిలో తుఫాను వస్తుందన్నారు. ఏసా ముందుజాగ్రత్తగా మూడు రాసి పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాడు. మంచు కిటికీల దాకా లేచింది. దారి మూసుకుపోయింది, ఫైలో రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం మెహిటబుల్ భోజనాల బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ఉత్తరం తీసి ముందు పెట్టుకుంది.

"పోస్టు రాలేదు" అంది.

"రేపొస్తుందక్కా. దారి తవ్వుతున్నారు. నీకు మూడు ఉత్తరాలున్నాయక్కడ."

"ఏం రాశావు వాటిలో?"

"వస్తాయిగా, చదువుకుందువుగాని."

"చెప్పరా. ఎదురుగా కూచున్నావుగా. ఒక్కటి చెప్పు చాలు."

ఏసా నోరు తెరిచాడు. ఉత్తరంలో ఏం రాశాడో అక్షరం అక్షరం గుర్తుంది. అక్క మొహం చూసి నోరు మళ్ళీ మూసేశాడు. బల్ల అంచు గోకుతూ కూర్చున్నాడు.

మెహిటబుల్ కన్నీళ్ళు తుడుచుకుని, వెన్న కత్తి అందుకుని లక్క కింద పెట్టింది.