దుప్పటి రెండో కొస

ఒహాయోలో మా ఊరి ఆసుపత్రి దుప్పట్లన్నీ మా లాండ్రీకే వస్తాయి. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఇస్త్రీ యంత్రంలోకి పంపాలి. ఇరవై రెండేళ్లుగా ఒక కొస నాది, రెండోది వర్నాది. ఫ్యాను మాత్రం ఆమె వైపే. మేస్త్రీ పని ఆమెకే ఇచ్చారు. నేను కన్నేసిన వాల్ట్ కూడా ఆమెనే చేసుకున్నాడు. చివరికి మామూలు జనమే కూర్చుని కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి రమ్మని కోర్టు నుంచి కాగితం వచ్చిందీ ఆమెకే. ఎవరి పేరైనా రావచ్చట. నా పేరు ఒక్కసారీ రాలేదు.

మా యజమాని గ్రబ్స్ ఆ కాగితం చూశాడు. అప్పుడక్కడ వర్నా, నేనూ తప్ప ఇంకెవరూ లేరు. వర్నాతో అన్నాడు:

"సోమవారం కోర్టుకెళ్తే మళ్లీ ఇటు రావక్కర్లేదు. నీ పనికి ఇంకొకర్ని చూసుకుంటా."

వర్నా వెళ్లింది. మధ్యాహ్నం భోజనం వేళ నీలం కోటు వేసుకుని, జ్యూరీ బిళ్ల తగిలించుకుని వీధిలో పోతుంటే కిటికీలోంచి చూశాను. ఇక్కడ నేనొక్కదాన్నీ రెండు కొసల మధ్య పరుగులు పెడుతున్నాను. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. దాచడమెందుకు?

మూడో రోజు గ్రబ్స్ నా దగ్గరికి వచ్చాడు. అతనన్న మాట వర్నా జడ్జికి చెప్పేసిందట. మర్నాడు అతన్నీ, సాక్షిగా నన్నూ రమ్మన్నారు.

"నేనేదో సరదాకి అన్నా. నువ్వేం వినలేదుగా ఓపల్? వర్నా పోతే మేస్త్రీ పని నీదే. ఫ్యాను ఇటు తిప్పుకో."

"చూద్దాం లెండి," అన్నాను. నిజానికి ఒప్పేసుకున్నాను. ఇంటికి నడిచిన దారంతా ఆ ఫ్యాను గురించే ఆలోచన.

కోర్టులో వర్నా ముందు వరసలో కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో భయం లేదు, బతిమాలడం లేదు. నేను నిజమే చెబుతానని ధీమా. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు తట్టింది. అబద్ధమాడితే మేస్త్రీ పని నాకొస్తుంది, సరే. కానీ మా ఇద్దరిలో మంచిది ఎవరంటే, ఆ పేరు కూడా దానికే పోతుంది. అదొక్కటీ ఇవ్వదలచుకోలేదు.

"విన్నానండీ," అన్నాను. "పొల్లుపోకుండా విన్నాను."

జడ్జి గ్రబ్స్ వైపు తిరిగింది. "జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగం తీసేయడమే కాదు, తీసేస్తానని బెదిరించడం కూడా చట్టం ఒప్పదు గ్రబ్స్ గారూ. ఆమె ఉద్యోగం ఆమెదే. ఇంకోసారి ఇలాంటిది నా చెవిన పడితే మీరు జైలు దుప్పట్లు ఉతకాల్సి వస్తుంది."

గ్రబ్స్ తలూపాడు. నా వైపు మాత్రం చూడలేదు.

కేసు ముగిశాక వర్నా పనిలోకి వచ్చింది.

"నువ్వు చెప్తావని నాకు తెలుసే."

"నాకు తెలీదు," అన్నాను. "చెప్పకూడదనే వచ్చాను."

వర్నా కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఇలా రా," అంది. "ఇవాళ్టి నుంచి ఈ కొస నువ్వు పట్టుకో. అటు నేనుంటా."

ఫ్యాను గాలి చల్లగా ముఖానికి తగిలింది. దుప్పటి అవతలి కొసన వర్నా చెమట తుడుచుకుంటూ నవ్వుతోంది. మళ్లీ అదే గెలిచింది.