పొట్ట విమానం

అబుదాబి పక్కన ముసఫ్ఫాలోని ఆ వర్క్‌షాపులో మ్యూజియంలకూ ఆఫీసులకూ ఓడలు, విమానాలు, భవనాల బొమ్మలు చేస్తారు. రాయచోటి నుంచి వచ్చిన తౌసీఫ్ అక్కడ రంగులు వేస్తాడు. చేతిపనిలో మంచి పేరుంది. నోటికి అంతకన్నా పేరుంది. అతను ఫోన్లో తీసి పెట్టే నవ్వుల వీడియోలు మనవాళ్లుండే లేబర్ క్యాంపుల్లో అందరూ చూస్తారు.

రంజాన్ అయ్యాక మార్గరెట్ అనే ఇంగ్లిషు పెద్దావిడ కొన్ని పాత ఫొటోలు ఇచ్చి, ఒక విమానం బొమ్మ చేయమంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, నీళ్ల కింద దాక్కునే సబ్‌మెరైన్లను వెతికి కొట్టడానికి, ఓడ మీద నుంచే ఎగిరేలా తయారుచేసిన విమానం అది. పరీక్షల కోసం ఒకటో రెండో చేసి, తర్వాత వద్దనుకున్నారు. ఓడలో చోటు సరిపోయేలా రెక్కలు మడుచుకుంటాయి. రాడార్ పెట్టడానికి కడుపు కింద పెద్ద ఉబ్బు. మొద్దు ముక్కు. ఎటునుంచి చూసినా అందం లేదు.

పని పూర్తయిన రోజు తౌసీఫ్ దాన్ని ఫోన్ ముందు తిప్పుతూ అందుకున్నాడు. “సూడండబ్బా, నిండు చూలాలి మాదిరి ఉండాది. ఇది సబ్‌మెరైన్‌ను చంపేదేంది? దీన్ని చూసి అదే నవ్వి నవ్వి సచ్చిపోతాది. దీన్నెక్కినోడు ఎంత ఎర్రోడో.”

వెనక ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. సాయంత్రానికి వీడియో ఎక్కడో దూరాన ఉన్న అజ్మాన్ దాకా పాకింది.

మర్నాడు మార్గరెట్ వచ్చింది. వెంట ఆమె ఇంట్లో వంట చేసే అమీనాబీ. ఆమెదీ రాయచోటే, తౌసీఫ్ తల్లి మున్నీబీకి ఒకప్పటి పక్కింటి మనిషి. మనూరి పిల్లోడు మన మేడమ్ విమానం గురించి చెబుతున్నాడని సంబరపడి, తాను పూర్తిగా వినకముందే ఫోన్ మేడమ్ చేతికిచ్చిందట. ఆ తర్వాత అర్థం చెప్పమంటే నోరు మెదపలేదట.

“ఏమన్నావో నువ్వే చెప్పు,” అంది మార్గరెట్ ఇంగ్లిషులో. “ఆ విమానంలో వెనక కూర్చుని రాడార్ చూసింది మా నాన్న. పరీక్షలప్పుడు అది సముద్రంలో పడిపోయింది. ఆయన దొరకలేదు. నేనప్పుడు ఒళ్లో పిల్లని.”

తౌసీఫ్ కుంచె కింద పెట్టాడు. “గట్టి విమానం అన్నాను మేడమ్. ఎక్కినవాళ్లు ధైర్యం గలవాళ్లు అన్నాను.”

“మరి వాళ్లెందుకు నవ్వారు?”

“అది వేరే సంగతి మేడమ్.”

అమీనాబీ అతని వైపు ఒక్కసారి చూసి, తల దించుకుంది. మార్గరెట్ థాంక్యూ అంది. తిట్టినా బాగుండేది.

ఆమె అటు వెళ్లగానే వీడియో తీసేశాడు. అప్పటికే అది ఎందరి ఫోన్లలోనో ఉంది. రెండు రోజులు అన్నం సయించలేదు. బొమ్మ ఇచ్చి రావలసిన రోజు, తానే వెళ్తానని మేనేజర్‌ను అడిగి వెళ్లాడు.

తలుపు తీసింది అమీనాబీ.

“ఖాలా, ఈ పొద్దు నిజం చెప్పేస్తా.”

“చెప్పు. నేనైతే ఏమీ చెప్పలేదు. నువ్వు మావూరోడివని గొప్పగా చెప్పుకున్న మొగం నాది.”

మార్గరెట్ ముందు నిలబడి తౌసీఫ్ ఆ మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాడు. నవ్వించిన మాటలే ఇప్పుడు నోట్లో రాళ్లలా తగిలాయి. ఎర్రోడు అన్నదాని దగ్గర ఆగిపోయాడు. ఆమె ఎదురుచూసింది. అదీ చెప్పాడు. ఆ రోజు అబద్ధమాడానని కూడా చెప్పాడు.

ఆమె బొమ్మ వైపే చూస్తూ విన్నది. మడిచిన రెక్కను వేలితో ముట్టుకుంది.

“దీన్ని చూసి మా నాన్న స్నేహితులూ నవ్వేవారట,” అంది చివరికి. “వాళ్లు దీన్ని నడిపినవాళ్లు.”

క్షమించమని అడగాలని వచ్చాడు. ఆ మాట తర్వాత అడగడానికి నోరు రాలేదు.

“రంగు బాగా వేశావు. ఆ బల్ల మీద పెట్టి వెళ్లు,” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అమీనాబీ లిఫ్ట్ దాకా వచ్చింది. లిఫ్ట్ ఎక్కడో కింద ఆగిపోయి ఎంతకీ రాలేదు. ఇద్దరూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు.

“మీ అమ్మ మున్నీబీకి ఈ సంగతి తెలియనియ్యనులే నాయనా,” అందామె మెల్లగా.

తౌసీఫ్ మెట్ల వైపు నడిచాడు.