డాల్ఫిన్లకి వంద మీటర్ల దూరం

రేవులో అందరూ ఆయన్ని నిదానం అనేవారు. అసలు పేరు పడవ కాగితాల్లో ఉండేది, కాగితాలు ట్రంకుపెట్టెలో ఉండేవి. పని సరంగు పని, అంటే పడవ నడపడం. మోకాళ్లు మొరాయించి వేట మానేసి ఏడేళ్లయింది. అప్పటినుంచీ పాత పడవలో పన్నెండుమందిని ఎక్కించుకుని, డాల్ఫిన్లు చూపించి, భద్రంగా ఒడ్డుకి చేర్చేవాడు. తాడు కట్టడం, టిక్కెట్లు చింపడం, కడుపులో తిప్పినవాళ్లకి సంచి అందించడం భార్య పని.

ఆ శని, ఆదివారాలు రేవులో డాల్ఫిన్ల రక్షణకి విరాళాల సంబరం పెట్టారు. సముద్రజీవుల సంఘంవాళ్లు షామియానా వేశారు. పిల్లలు తిమింగలాల బొమ్మలకి రంగులేశారు. గేటు దగ్గర గాలితో నిలబడాల్సిన పెద్ద తిమింగలం గాలి చాలక పడుకుని ఉంటే, జనం దాని తోక దాటుకుని లోపలికి వస్తున్నారు. పడవ షికార్ల మీద వచ్చిందంతా సంఘానికే.

అయితే అసలు సంగతి వేరే ఉంది. ఆ రెండు రోజులూ ప్రతి పడవలో సంఘం మనిషి ఒకరు కూర్చుంటారు. పద్ధతిగా నడిపిన పడవకి నీలం జెండా ఇస్తారు. సోమవారం నుంచి జెండా లేని పడవ జనాన్ని ఎక్కించకూడదని రేవులో నోటీసు అంటించారు. జెండా రాకపోతే నిదానానికి మిగిలేవి ఒక పడవ, రెండు మోకాళ్లు. మూడూ ముసలివే.

పద్ధతులు చెప్పడానికి శుక్రవారం క్లాసు పెట్టారు. నిదానం వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. పడవకీ డాల్ఫిన్‌కీ మధ్య వంద మీటర్లు ఉండాలన్నది మొదటి నియమం. అది విన్నాడు. వాటికి తిండి వెయ్యకూడదన్నది రెండోది. అది విని, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూసి, పడవకి రంగు ఆరిందో లేదో చూడాలని లేచి వచ్చేశాడు. మూడో నియమం ఆయన వినలేదు.

ఎందుకంటే ఏడేళ్లుగా రోజూ పొద్దున్నే, జనం రాకముందు, బజారులో అమ్ముడుపోని చేపలు రెండు బుట్టలు పట్టుకెళ్లి సముద్రంలో రాతిగుట్ట దగ్గర డాల్ఫిన్లకి వేస్తున్నది ఆయనే. నిదానం పడవెక్కితే డాల్ఫిన్లు కనబడి తీరతాయన్న పేరు ఊరికే రాలేదు. ఈ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలీదు.

"క్లాసు అప్పుడే అయిపోయిందా?" అంది ఆవిడ.

"నాకు కావలసినంత అయిపోయింది."

"ఏం చెప్పారేం?"

"దూరంగా ఉండమన్నారు."

"ఆ ముక్క డాల్ఫిన్లకి కూడా చెప్పారా?"

శనివారం నిదానం బుట్టలు ముట్టుకోలేదు. పది గంటలకి పడవలో పన్నెండుమంది ఎక్కారు. సంఘం మేడమ్ దూరం కొలిచే యంత్రం కంటికి పెట్టుకుని చివర కూర్చుంది. రాతిగుట్ట ఇంకా చాలా దూరం ఉందనగానే ఇంజను చప్పుడు విని తొమ్మిది డాల్ఫిన్లు ఎదురొచ్చాయి.

"రెండొందలు," అంది మేడమ్. "నూట యాభై."

నిదానం పడవ తిప్పేశాడు. అవీ తిరిగాయి. ఆయన వేగం పెంచాడు. అవీ పెంచాయి. ఏడేళ్లలో ఆ ఇంజను ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

"సరంగుగారూ, డాల్ఫిన్లు వెనకున్నాయండీ!" అని అరిచింది ఒకావిడ.

"తెలుసమ్మా."

"మరి మనం ఇటు పోతున్నామేం?"

"వంద మీటర్లమ్మా."

రిటైరైన లెక్కల మాస్టారొకాయన టోపీ గట్టిగా పట్టుకున్నాడు. "నేను విరాళమిచ్చింది వాటిని కాపాడమని. వాటినుంచి నన్ను కాపాడమని కాదు."

పక్కన నిదానం బావమరిది పడవ ఇంజను ఆపుకుని బుద్ధిగా నిలబడి ఉంది. దాని చుట్టూ ఒక్క డాల్ఫిన్ లేదు. బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం బావా! మా అక్క గానీ తరుముతోందా?"

"నేను పడవలోనే ఉన్నానురా!" అంది అక్క.

మేడమ్ యంత్రం దించింది. "ఆపండి సరంగుగారూ."

"ఆపితే దగ్గరికొచ్చేస్తాయి మేడమ్."

"రానివ్వండి. మనం వాటి దగ్గరికి వెళ్లకూడదు. అవే వస్తే ఇంజను న్యూట్రల్‌లో పెట్టి కదలకుండా ఉండాలి. మూడో నియమం అదేగా?"

"అదే, అదే," అన్నాడు నిదానం.

పడవ ఆగింది. తొమ్మిదీ వచ్చి పడవ వెనక ఒక్క వరసలో తలలు పైకెత్తి నోళ్లు తెరిచాయి. మేడమ్ వాటికేసి చూసింది. నిదానం భార్య ఆకాశంకేసి చూసింది.

"నవ్వుతున్నాయి," అని మాస్టారు ఫోటో తీసుకున్నాడు.

ఒడ్డుకొచ్చాక మేడమ్ అడిగింది. "ఆరు పడవలు వెళ్లాయి. అయిదు పడవలవాళ్లు నీళ్లు చూసొచ్చారు. అవన్నీ మీ దగ్గరికే వచ్చాయేం?"

"మా బావ మనసు వెన్న మేడమ్. మూగజీవాలకి ఇట్టే తెలిసిపోతుంది," అన్నాడు బావమరిది.

నిదానం వంగి పడవలో నీళ్లు తోడసాగాడు. మేడమ్ నోటుపుస్తకం మూసింది. "జెండా సంగతి రేపు."

ఆదివారం కూడా బుట్టలు కదల్లేదు. డాల్ఫిన్లు వచ్చాయి. నిదానం ఇంజను న్యూట్రల్‌లో పెట్టి రాయిలా కూర్చున్నాడు. అవి నోళ్లు తెరిచి చూసి చూసి, విసుగెత్తి బావమరిది పడవ వెనక్కి వెళ్లాయి. పడవ వెనక చేపలుంటాయని వాటికి నేర్పిన గురువు నిదానమే కదా! బావమరిది వెనక్కి చూసుకోలేదు. ఇంజను తిప్పబోతున్నాడు. ఒక పిల్ల డాల్ఫిన్ సరిగ్గా నీళ్లలో ఇంజను రెక్కల దగ్గర మూతి పెట్టి ఉంది.

"ఆపరా! ముట్టుకోకు! వెనక పిల్ల ఉందిరా!"

నిదానం అంత త్వరగా మూడు మాటలనడం రేవులో ఎవరూ వినలేదు. బావమరిది చెయ్యి తీసేశాడు. పిల్లది తీరిగ్గా తప్పుకుంది.

అంతే, ఒడ్డుకి రాగానే నిదానం తిన్నగా షామియానాలోకి నడిచాడు. భార్య చొక్కా పట్టుకుంది. "జెండా ఇచ్చేదాకా ఆగండీ." ఆయన ఆగలేదు.

"చేపలు వేశాను మేడమ్. ఏడేళ్లు. రోజుకి రెండు బుట్టలు."

"నిన్ననే అనుకున్నాను," అంది మేడమ్. "నవ్వే డాల్ఫిన్లని చూశాను గానీ, క్యూలో నిలబడి నవ్వేవాటిని చూడలేదు. మీకు జెండా రాదు."

"రాదులెండి."

"అయితే ఈ అలవాటు మాన్పించాలి. వేరేవాళ్లు వెళితే లాభం లేదు. మీ ఇంజను చప్పుడు వినే అవి రావాలి, ఏమీ దొరక్క పోవాలి. రోజూ పొద్దున్నే వెళ్లి, ఆపి, ఊరికే కూర్చుని రండి. సంఘం జీతమిస్తుంది. అవి రావడం మానేసిన నెలలో జెండా ఇస్తాం."

నిదానం అడిగాడు. "అవి మానేశాక జనానికి ఏం చూపించాలి మేడమ్?"

"దూరం నుంచి చూపించండి. వాటి పని అవి చేసుకుంటుంటే."

"ఉద్యోగమే వచ్చింది బావా!" అన్నాడు బావమరిది. "ఆశ పెట్టి చెయ్యివ్వడం! పెద్దపెద్దవాళ్లు చేసే పని."

సోమవారం పొద్దున్నే మొగుడూ పెళ్లాం వెళ్లారు. రాతిగుట్ట దగ్గర ఇంజను ఆపారు. తొమ్మిదీ వచ్చాయి.

"చేతులు తొడల కింద పెట్టుకోండి," అంది భార్య.

పెట్టుకున్నాడు. అవి ఓ అరగంట చూశాయి. ఎనిమిది వెళ్లిపోయాయి. పిల్లది ఉండిపోయింది. నిదానం దానికేసి వంగి మెల్లగా చెప్పాడు. "రేపు కూడా ఏమీ ఉండదమ్మా. ఎల్లుండీ ఉండదు. అనవసరంగా తిరక్కు."

"విందా?" అంది భార్య.

"వింది. నమ్మలేదు."

మంగళవారం కూడా తొమ్మిదీ వచ్చాయి.