ఎడమ మలుపు చప్పుడు

కార్ల మేస్త్రికి ఒక నియమం ఉంది. బండి తెచ్చినవాడు నోరు తెరవకూడదు. "ఏమైందో నువ్వు చెప్పకు. విప్పి చూశాక నేనే నీకు చెబుతా" అంటాడు. మనుషులు చెప్పేదాంట్లో సగం మరుపు, సగం పరువు అని ఆయన లెక్క. ఇనుముకు ఆ రెండూ లేవు. ముప్పై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాడు కానీ ఆ నియమం వల్ల ఒక్కసారి కూడా చెడిపోలేదు.

ఆ రోజు పొద్దున అల్లుడు తన ఎర్రకారు తెచ్చి, తాళం చేతికిస్తూ, "మావయ్యా, ఒక్క మాట..." అనబోతే అతనికీ అదే చెప్పాడు.

"వద్దు. బండే చెబుతుంది."

అల్లుడు ఆగిపోయాడు. అదోలా నవ్వి, బస్సు కోసం నడిచి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు మేస్త్రికి మింగుడుపడలేదు.

ముందురోజు కూతురు ఫోన్ చేయకపోయుంటే ఆ నవ్వును ఆయన పట్టించుకునేవాడే కాదు. అల్లుడికి పెళ్ళికి ముందు నుంచీ కార్ల పందేల పిచ్చి. ఈ కారు కొన్నదే అందుకు. రెండే తలుపులు, నేలకు బెత్తెడు ఎత్తు, దాని ఒంటికి మించిన ఇంజను. ఎక్కాలంటే కిందికి దిగాలి, దిగాలంటే పైకి లేవాలి. ఒకసారి పందెంలో కారు గోతిలోకి దొర్లి, అతను నెల రోజులు మంచం మీదున్నాడు. పాప పుట్టినరోజున ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, ఇక పందేల జోలికి వెళ్ళనని ఒట్టు వేశాడు. ఆ ఒట్టు తప్పితే పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేస్తానని కూతురు అప్పుడే తేల్చి చెప్పింది. కూతురు అన్నదంటే అన్నట్టే.

"మూణ్ణెల్లుగా వారంలో మూడు రోజులు తెల్లారి ఐదింటికే కారేసుకుని పోతున్నాడు నాన్నా" అంది ఫోనులో. "ఎక్కడికంటే ఊరికే అంటాడు. రాత్రి నిలదీసి అడిగాను. నోరు విప్పలేదు. చప్పుడొస్తోందని రేపు నీ దగ్గరికే తెస్తాడట. పందెం కొట్టిన బండి దాచలేదని నువ్వే అంటావుగా. చూసి చెప్పు. నువ్వు అవునంటే నేను పెట్టె సర్దుకుంటా."

ఆ మాట మోసుకునే ఆ పొద్దున మేస్త్రి షెడ్డు తాళం తీశాడు. దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించి, రోజూ అడిగేది అడగలేదు. "నిజం చూపించు స్వామీ" అని మాత్రం అన్నాడు. అంటూనే, ఏ నిజం చూడాలని తన మనసు ఎదురుచూస్తోందో ఆయనకే సరిగ్గా అర్థం కాలేదు.

కారెక్కి షెడ్డు వెనకున్న ఖాళీ జాగాలో తిప్పాడు. తిన్నగా పోతే చప్పుడు లేదు. స్టీరింగు కుడికి తిప్పాడు, లేదు. ఎడమకు పూర్తిగా తిప్పి కొంచెం యాక్సిలరేటరు తొక్కాడు. ముందు కుడి చక్రం దగ్గర టక్, టక్, టక్ మని, ఎవరో గోళ్ళతో బల్ల మీద కొట్టినట్టు మొదలైంది. వేగం పెంచితే చప్పుడూ పెరిగింది. రివర్సు వేసి మళ్ళీ ముందు గేరు వేస్తే కింద ఠంగుమంది.

చక్రం వెనక్కి టార్చి వేసి చూశాడు. రిమ్ము లోపలి అంచంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. చక్రాన్ని తిప్పే యాక్సిల్ చివర కీలుకు తొడిగే రబ్బరు బూటు చిరిగిపోయింది. అది చిరిగితే లోపలి గ్రీజు బయటికి పోతుంది, బయటి దుమ్ము లోపలికి పోతుంది. ఆపైన కీలు తనను తానే తినేస్తుంది.

'సరే. బూటు దానంతట అదే చిరుగుతుంది. ఇంత తొందరగా చిరిగేలా వాడిందెవరు?'

అంతలో పక్క టైర్ల షాపతను టీ గ్లాసుతో వచ్చాడు. ఏ మాటా కడుపులో దాచుకోలేడని అందరూ అతన్ని రేడియో అంటారు.

"అల్లుడుగారి రథమా?" అన్నాడు రేడియో. "మొన్న పొద్దున్నే చూశాలే. మూతబడ్డ గోడౌను వెనక మైదానంలో."

మేస్త్రి టార్చి ఆర్పాడు. "ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, గానుగెద్దులా తిరుగుతోంది. గుండ్రంగా, గుండ్రంగా. దుమ్ము లేచిపోతోంది. కుర్రకారు అలా తిప్పడం ఇప్పుడు ఫ్యాషనంట కదా, టైర్లు అరగదీస్తారు. నాకు మంచిదేననుకో."

"నడిపేది అల్లుడేనా?"

"అద్దాలు నల్లగా ఉంటే నాకేం కనిపిస్తుంది మేస్త్రీ. కారు ఆయనదైతే మరి ఎవరు నడుపుతారు?"

సరిగ్గా అప్పుడే కూతురి ఫోను వచ్చింది. చూశావా నాన్నా అని అడిగింది. విప్పకుండా మాట చెప్పడం మేస్త్రి ఎరగడు. ముప్పై ఏళ్ళలో ఏనాడూ అలా చెప్పలేదు. కానీ ఆ క్షణాన చెవిలో రేడియో మాట, కంట్లో అల్లుడి నవ్వు.

"ఇంకా విప్పలేదు తల్లీ" అన్నాడు. "చూస్తుంటే మాత్రం... అలాగే ఉంది."

"సరే నాన్నా. సాయంత్రానికి పాపను తీసుకుని వచ్చేస్తా" అని పెట్టేసింది.

మేస్త్రి ఫోను జేబులో వేసుకున్నాడు. 'అలాగే ఉంది' అన్న రెండు ముక్కలు నోటినుంచి జారాక ఇంక ఏ జాకీ పెట్టి ఎత్తినా పైకి రావు.

చేతికి పని పెట్టడం ఒక్కటే ఆయనకు తెలిసిన మందు. యాక్సిల్ చివరి పెద్ద నట్టును కారు నేలమీద ఉండగానే వదులు చేయాలి. పైకి లేపాక పట్టుకుంటే చక్రం తిరిగిపోతుంది. బ్రేకు తొక్కడానికి రేడియోనే లోపల కూర్చోమన్నాడు. స్పానరుకు నాలుగడుగుల పైపు తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. నట్టు కిర్రుమని కదిలింది.

"ఈ సీటు వెనక్కి పోవట్లేదేంటి, నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి" అని లోపల రేడియో సణిగాడు. సీటు కింద తడిమాడు. "ఇదుగో, పట్టాలో ఇది ఇరుక్కుంది."

చెయ్యి బయటికి చాచాడు. అరచేతిలో నల్లటి తలపిన్ను.

ఇద్దరూ దాన్ని చూశారు. రేడియో గొంతు తగ్గించాడు, అతని గొంతు తగ్గడం మేస్త్రి ఎప్పుడూ వినలేదు. "మీ అమ్మాయి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది కదూ. పిన్నులు పెట్టదు కదూ."

"షాపులో ఎవరో పిలుస్తున్నారు, చూసుకో" అన్నాడు మేస్త్రి.

"ఎవరూ పిలవట్లేదే."

"పిలుస్తారు. వెళ్ళు."

పిన్నును బోల్టులు వేసే ట్రేలో పడేశాడు. చక్రం ఊడదీస్తున్నంతసేపూ అది ట్రేలోంచి ఆయన్నే చూస్తున్నట్టనిపించింది. పందెం అనుకుంటే ఇదేమిటి? పందెమే నయమా? కూతురికి ఏమని చెప్పాలి? పటం వైపు చూద్దామనుకుని, చూడలేక తల దించుకున్నాడు.

కింది ఆర్మ్ విడదీసి, చక్రం బిగించే హబ్బును పక్కకు లాగి, గునపంతో ఒక్క ఊపు ఊపితే యాక్సిల్ గేరుబాక్సులోంచి ఊడివచ్చింది. వెనకాలే నాలుగు చుక్కల నూనె పళ్ళెంలో పడింది. ఎడమవైపుదీ తీశాడు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, కిరసనాయిలుతో కడిగాడు.

ఇక్కడ ఆయన చెయ్యి నెమ్మదించింది.

పందెం కొట్టే బండి ఎలా ఉంటుందో ఆయనకు కంఠతా వచ్చు. నిలబడ్డ కారును ఒక్కసారిగా ఎగదోస్తారు. ఆ దెబ్బకు యాక్సిల్ చివరి పళ్ళు, తడిబట్ట పిండినట్టు, కొద్దిగా మెలితిరుగుతాయి. లోపలి కీళ్ళూ అరుగుతాయి. రెండువైపులా ఆ జాడ ఉంటుంది. ఈ పళ్ళు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. లోపలి కీళ్ళు రెండూ నున్నగా ఉన్నాయి. ఎడమ యాక్సిల్ మొత్తం ఇంచుమించు కొత్తదే. పాడైంది కుడివైపు బయటి కీలు ఒక్కటే. దానిలోని గోళీలు నడిచే గాడులు గుంటలు పడ్డాయి. అదీ స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు గోళీలు ఆగే చోట.

ఎడమకే. ఎప్పుడూ ఎడమకే. నెమ్మదిగా, కుదుపులతో, ఒకటే గుండ్రం.

ఇలా నడిపేది పందెపువాడు కాదు. ఒట్టు తప్పలేదు. ఆ సంగతి తెలియగానే గుండె తేలికపడాలి కదా. పడలేదేం? అల్లుడు మంచివాడని తేలడం నాకు ఇష్టం లేదా ఏమిటి, అని మేస్త్రి తనను తాను అడిగాడు. కళ్ళు మళ్ళీ ట్రేలోని పిన్ను మీదికే పోయాయి. పందెం కాకపోతే ఆ మైదానంలో ఎవరితో తిరుగుతున్నాడు?

ఒంటిగంటకు భార్య భోజనం డబ్బా తెచ్చింది. రోజూ తెల్లారే నడకకు వెళ్ళి, వంట చేసి, ఒంటిగంటకు షెడ్డుకు రావడం ఆమెకు అలవాటు. డబ్బా పెట్టడానికి బల్ల మీద చోటు చేస్తూ ట్రే జరిపింది. ఆగింది. బోల్టుల మధ్యనుంచి పిన్ను తీసి, చీరకొంగుతో గ్రీజు తుడిచి, ముడి పక్కన జుట్టులో గుచ్చుకుంది.

"రెండు రోజులుగా దీనికోసమే వెతుకుతున్నా" అంది. అన్నాక, అది ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో ఆమెకు తట్టింది. కారు వైపు చూసింది. బల్ల మీది యాక్సిళ్ళ వైపు చూసింది.

మేస్త్రి ఆమె ముడి వైపే చూశాడు. ముప్పై ఏళ్ళుగా తన పక్కనే ఉన్న తలలోని పిన్నును తను గుర్తుపట్టలేదు. నట్టు చూసి ఏ కారుదో చెప్పగలడు.

చివరికి, జీవితంలో మొదటిసారి, బండి తాలూకు మనిషిని అడిగాడు. "ఏం జరిగింది? నువ్వే చెప్పు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. "డ్రైవింగు నేర్చుకుంటున్నా. అల్లుడు నేర్పుతున్నాడు. మన వీధి చివర ఎక్కుతా."

"నడకని..."

"కారుదాకా నడిచేదాన్నేగా. అబద్ధం ఆడలేదు."

"నన్నడిగితే నేను నేర్పేవాణ్ణి కాదా?"

"నేర్పారుగా ఒకసారి, పెళ్ళయిన కొత్తలో. గేటుకు గుద్దాను. ఆ గేటు కథ మీరు ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పారో లెక్క ఉందా? మీ తమ్ముడి పిల్లలకు నా పేరు తెలియకపోయినా గేటు పెద్దమ్మంటే తెలుసు."

మేస్త్రి ట్రేలోని బోల్టులు సర్దాడు. "ఇప్పుడెందుకు పుట్టింది బుద్ధి?"

"మీకు ఛాతీలో నొప్పి వచ్చిన రోజు" అంది ఆమె మెల్లగా. "గ్యాసని తేలిందనుకోండి. కానీ అప్పుడు నాకేం తెలుసు? గుమ్మంలో రెండు కార్లున్నాయి. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. మిమ్మల్ని అక్కడ పడుకోబెట్టి, ఆటో కోసం సందు చివరిదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఇంకోసారి అలా పరిగెత్తలేను."

మేస్త్రి చేతిలోని గుడ్డను బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయికైనా చెప్పొచ్చుగా."

"అది మీ దగ్గర ఏదైనా దాస్తుందా? లైసెన్సు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని అల్లుడి దగ్గర మాట తీసుకున్నా."

మేస్త్రి బల్ల మీది అరిగిన కీలు వైపు చూశాడు. పెళ్ళాం నిలదీసినా, ఇల్లు కూలేలా ఉన్నా, అత్తకిచ్చిన మాటకోసం నోరు మూసుకున్న మనిషి. పొద్దున ఒక్క మాట అనబోయాడు. ఆ ఒక్క మాటా తను చెప్పనివ్వలేదు. కూతురితో తను ఏమన్నాడో అప్పుడు చెప్పాడు. ఆమె స్టూలు మీంచి లేచింది.

"ఫోనివ్వండి. నా రహస్యం గంగలో కలిసినా పర్వాలేదు, నేనే చెబుతా."

"నోరు జారింది నాది" అని మేస్త్రి తనే చేశాడు. కూతురు ఫోను ఎత్తగానే జిప్పు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"తల్లీ, ఆ పెట్టె మూయకు. పొద్దున నేను విప్పకుండా చెప్పాను. తప్పు చెప్పాను. ఇప్పుడు విప్పి చూశా. పందెం జాడ లేదు. ఆ పిల్లాడు ఒట్టు తప్పలేదు."

"మరి ఐదింటికి ఎక్కడికెళ్తున్నాడు?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది.

"అది నేను చెబితే నువ్వు నమ్మవు. సాయంత్రం మేమే వస్తాం. కిటికీలోంచి చూస్తూ ఉండు."

భోజనం రెండు ముద్దల్లో ముగించి పనిలో పడ్డాడు. రెండువైపులా కొత్త యాక్సిళ్ళు ఎక్కించాడు. కుడిది ఎడమదానికన్నా పొడుగు, తారుమారైతే పట్టదు. గేరుబాక్సు సీలు మార్చి, యాక్సిల్‌ను లోపలికి తోశాడు. దాన్ని పట్టి ఉంచే రింగు టక్కున పడిన చప్పుడు చెవితో విని, వెనక్కి లాగి చూసుకున్నాడు. హబ్బు నట్టు పాతది పెట్టలేదు. కారు దించాక, ఈసారి బ్రేకు తొక్కడానికి భార్యను కూర్చోబెట్టాడు. ఆమె సీటును చకచకా ముందుకు లాక్కుంది. ఆ చేతికి అది ఎన్నాళ్ళ అలవాటో చూస్తేనే తెలుస్తోంది. బిగువు కొలిచే టార్క్ రెంచి క్లిక్కుమనేదాకా నట్టు బిగించాడు.

"ఎప్పుడూ ఎడమకే ఎందుకు తిప్పావు?" అని అడిగాడు.

"కుడివైపు గోడౌను గోడ ఉంది. గోడలూ గేట్లూ అంటే నాకు పడదు. అల్లుడు ఎంత చెప్పినా కుడికి తిప్పలేదు."

మేస్త్రి చేతులు కడుక్కుని, పటానికి దండం పెట్టుకుని, కారు చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో అటువైపు కూర్చోవడం ఆయనకు ఇదే మొదలు. రేడియో షాపు ముందు నిలబడి గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. ఈ కబురు రాత్రికల్లా ఊరంతా తిరుగుతుంది. తిరగనీ.

కూతురి ఇంటికి పోవాలంటే షెడ్డు గేటు దాటగానే కుడికి తిరగాలి. ఎదురుగా పొడుగాటి ప్రహరీ గోడ.

ఆమె గేటు దగ్గర ఆగింది. స్టీరింగు మీద వేళ్ళు బిగుసుకున్నాయి. మేస్త్రి నాలిక చివరిదాకా నాలుగు సలహాలు, ఒక గేటు కథ వచ్చాయి. అన్నింటినీ మింగేశాడు.

"అల్లుడు ఏం చెబుతాడు ఇలాంటప్పుడు?" అని మాత్రం అడిగాడు.

"ఏమీ చెప్పడు. ఎదురు చూస్తాడు."

ఆయనా ఎదురు చూశాడు. ఆమె క్లచ్చి వదిలింది. కారు ఒక్క కుదుపునిచ్చి, కుడికి తిరగడం మొదలుపెట్టింది. చెవులు చక్రాల మీద పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. గోడ ఆయన వైపునుంచి, నాలుగడుగుల దూరంలో, మెల్లగా వెనక్కి జరిగిపోయింది.